ఒకే షేప్, అనేక కార్డులు: గిటారుపై జాజ్ వాయిసింగులను సులభంగా వాయించడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గిటారు వాయించేవారిలో చాలామంది పెళ్లి రిసెప్షన్ ఆర్కెస్ట్రాల్లోనో, చర్చి గాయక బృందాల్లోనో, కాలేజీ వార్షికోత్సవాల్లోనో చెయ్యి సాధించుకున్నవారే. మేజర్, మైనర్, సెవెన్త్ కార్డులు (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించేవి) వారికి ఫ్రెట్‌బోర్డు చూడకుండానే పడతాయి. జాజ్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం అడుగు ఆగిపోతుంది. కాగితం మీద డి మైనర్ నైన్, జి థర్టీన్, ఎ సెవెన్ ఫ్లాట్ నైన్ ఫ్లాట్ థర్టీన్ అని పేర్లు వరుసగా కనిపించగానే, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క బొమ్మను ఫోన్‌లో వెతికి కంఠస్థం చేయడానికి పూనుకుంటారు. ఆ బొమ్మలు వందల్లో ఉంటాయి, వాటిలో చాలా భాగం ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి, అందువల్ల కొన్ని వారాలకే ఆ ప్రయత్నం మూలపడుతుంది.

ఆ దారి అవసరం లేదని నా గట్టి నమ్మకం. చేతికి కొద్దిపాటి షేపులు, అంటే ఫ్రెట్‌బోర్డు మీద వేళ్లు పెట్టే తీరులు, వస్తే చాలు; కార్డు స్వరాలను తీగల మీద ఇలా అమర్చడాన్నే వాయిసింగ్ అంటారు. వాటిని ఏ ఫ్రెట్ దగ్గర పెడుతున్నాము, కింద బేస్‌లో ఏ స్వరం మోగుతోంది అన్న రెండు విషయాలను బట్టి అవే షేపులు పదుల కొద్దీ కార్డులుగా మారతాయి. స్వరస్థానాలు తెలిసినవారికి ఈ సంగతి మరింత త్వరగా బోధపడుతుంది. 1919లో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యులుగా ఉన్న ఊరు విజయనగరం. ఈ ప్రాంతంలో ఏ ఇంట్లో అడిగినా సరళీస్వరాలు నేర్చుకున్నవారు ఒకరైనా కనిపిస్తారు. అందువల్ల ఈ వ్యాసంలో కార్డు లోపలి స్వరాలను మన పేర్లతోనే చెబుతాను.

ముందుగా ఒక ఏర్పాటు చేసుకుందాం. కార్డుకు ఆధారమైన రూట్ స్వరాన్ని షడ్జంగా భావించండి. మేజర్ థర్డ్ అంతర గాంధారం, మైనర్ థర్డ్ సాధారణ గాంధారం. మేజర్ సెవెన్త్ కాకలి నిషాదం, సెవెన్త్ కార్డులో వచ్చే మైనర్ సెవెన్త్ కైశికి నిషాదం. నైన్త్ అంటే చతుశ్రుతి రిషభం, థర్టీన్త్ అంటే చతుశ్రుతి ధైవతం; ఫ్లాట్ నైన్, ఫ్లాట్ థర్టీన్ వరుసగా శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం. గిటారుపై ఒక ఫ్రెట్ ఒక స్వరస్థానం, పన్నెండు ఫ్రెట్లకు పై షడ్జం వస్తుంది. బొబ్బిలి వీణ మీద మెట్లు లెక్కపెట్టిన చేతికి ఇది కొత్త సంగతి కాదు.

గాంధార నిషాదాలతో మొదలుపెట్టండి

ఒక కార్డు మేజరా, మైనరా, సెవెన్తా అని చెవికి తెలియజేసేవి రెండే స్వరాలు: గాంధారం, నిషాదం. షడ్జాన్ని ఎలాగూ బేస్ పలుకుతుంది. పంచమం షడ్జపు తీగలోనే మూడో అనుస్వరంగా ఇమిడి ఉంటుంది కనుక దాన్ని వదిలేసినా కార్డు స్వభావం మారదు. కాబట్టి మొదటి దశలో షడ్జం, గాంధారం, నిషాదం అనే మూడు స్వరాలతో మాత్రమే వాయించండి. అమెరికా జాజ్ బృంద నాయకుడు కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో 1937 నుంచి 1987లో మరణించేవరకు రిథమ్ గిటారు వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ ఇంత పొదుపైన కార్డులతోనే అంత పెద్ద బృందాన్ని నడిపించాడు. ఈ దశను చిన్నచూపు చూసి ముందుకు దూకవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

రూట్ ఆరో తీగ మీద, అంటే అన్నిటికంటే లావైన తీగ మీద, ఉన్నప్పుడు నిషాదం నాలుగో తీగ మీద, గాంధారం మూడో తీగ మీద పడతాయి. జి కార్డులను చూడండి: ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గర జి ఉంది. నాలుగో తీగ 4వ ఫ్రెట్, మూడో తీగ 4వ ఫ్రెట్ నొక్కితే జి మేజర్ సెవెన్. నాలుగో తీగ వేలును ఒక ఫ్రెట్ వెనక్కి తెచ్చి 3, 4 చేస్తే జి సెవెన్. మూడో తీగను కూడా వెనక్కి తెచ్చి 3, 3 చేస్తే జి మైనర్ సెవెన్. ఆరో తీగను మధ్యవేలితో నొక్కి, ఆ వేలి కొసను అయిదో తీగకు తగిలించి అది మోగకుండా ఆపాలి. సన్నని రెండు తీగల జోలికి పోనక్కరలేదు.

రూట్ అయిదో తీగ మీద ఉన్నప్పుడు ఆ రెండు స్వరాలూ చోటు మార్చుకుంటాయి: గాంధారం నాలుగో తీగకు, నిషాదం మూడో తీగకు వస్తాయి. అయిదో తీగ మూడో ఫ్రెట్ సి. నాలుగో తీగ 2, మూడో తీగ 4 అయితే సి మేజర్ సెవెన్; 2, 3 అయితే సి సెవెన్; 1, 3 అయితే సి మైనర్ సెవెన్. ఇక్కడ ఆరో తీగను మధ్యవేలి కొసతోనే ఆపాలి.

ఈ ఆరు షేపులూ నిలబడ్డాక డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే వరుసను వాయించండి. జాజ్ పాటల్లో అడుగడుగునా తగిలే వరుస ఇది. డి మైనర్ సెవెన్‌కు అయిదో తీగ 5, నాలుగో తీగ 3, మూడో తీగ 5. జి సెవెన్‌కు ఆరో తీగ 3, నాలుగో తీగ 3, మూడో తీగ 4. సి మేజర్ సెవెన్‌కు అయిదో తీగ 3, నాలుగో తీగ 2, మూడో తీగ 4. బేస్‌ను కాసేపు పక్కనపెట్టి నాలుగు, మూడు తీగలను మాత్రమే గమనించండి: 3–5, 3–4, 2–4. ప్రతి మార్పులోనూ ఒక స్వరం కదలకుండా నిలుస్తుంది, రెండోది ఒకే ఒక్క ఫ్రెట్ దిగుతుంది. ఒక కార్డు నిషాదం తరువాతి కార్డు గాంధారంలోకి జారడం ఈ సంగీతానికి ప్రాణం. ఆ జారుడు చెవికి స్పష్టంగా వినిపించేదాకా మీరు తరువాతి భాగానికి వెళ్లకండి.

రెండు వేళ్లతో మొత్తం బ్లూస్

సెవెన్త్ కార్డులో అంతర గాంధారానికీ కైశికి నిషాదానికీ మధ్య దూరం సరిగ్గా ఆరు స్వరస్థానాలు, అంటే స్థాయిలో సగం. అందువల్ల ఆ రెండు స్వరాలనూ తారుమారు చేసినా వాటి మధ్య దూరం మారదు. ఒక సెవెన్త్ కార్డుకు గాంధారమైనది, దానికి ఆరు ఫ్రెట్ల దూరంలో ఉన్న మరో సెవెన్త్ కార్డుకు నిషాదమవుతుంది. నాలుగో తీగ 3, మూడో తీగ 4 పట్టుకొని కింద జి మోగిస్తే జి సెవెన్ అవుతుంది. వేళ్లు కదపకుండా అయిదో తీగ నాలుగో ఫ్రెట్ దగ్గర డి ఫ్లాట్ మోగిస్తే అదే డి ఫ్లాట్ సెవెన్ అవుతుంది. జాజ్ వాయించేవారు ఒక సెవెన్త్ కార్డు బదులు ఆరు ఫ్రెట్ల దూరంలోని కార్డును పెట్టడానికి ఇదే కారణం.

దీన్ని పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల వంటి భాగాల) బ్లూస్‌లో వెంటనే వాడుకోవచ్చు. జి శ్రుతిలో బ్లూస్‌కు జి సెవెన్, సి సెవెన్, డి సెవెన్ అనే మూడు కార్డులు కావాలి. నాలుగు, మూడు తీగల మీద జి సెవెన్ 3–4, సి సెవెన్ ఒక ఫ్రెట్ కిందికి 2–3, డి సెవెన్ ఒక ఫ్రెట్ పైకి 4–5. మొదటి నాలుగు బార్లు 3–4, తరువాతి రెండు 2–3, మళ్లీ రెండు 3–4, తొమ్మిదో బార్ 4–5, పదో బార్ 2–3, చివరి రెండు 3–4. బేస్ గిటారు వాయించే స్నేహితుడు పక్కన ఉంటే, ఒకే షేప్‌ను మూడు చోట్లకు జరుపుతూ మీరు పాట మొత్తానికి సహకారం ఇవ్వగలరు.

బేస్ మారితే పేరు మారుతుంది

ఇక అసలు విషయానికి వద్దాం. ఇక్కడి నుంచి సన్నని నాలుగు తీగలే వాడతాము. ప్రతి షేప్‌నూ 4, 3, 2, 1 తీగల క్రమంలో నాలుగు ఫ్రెట్ సంఖ్యలతో రాస్తాను. రూట్‌ను మనం వాయించము; దాన్ని బేస్ గిటారుకో, కీబోర్డు ఎడమచేతికో వదిలేస్తాము.

గ్రహభేదం, అంటే రాగం స్వరాలను అలాగే ఉంచి వాటిలో మరో స్వరాన్ని షడ్జంగా తీసుకోవడం, తెలిసినవారికి దీని వెనుక సూత్రం వేరుగా చెప్పనక్కరలేదు. మోహనం స్వరాలను మార్చకుండా రిషభాన్ని షడ్జం చేసుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని చేసుకుంటే హిందోళం, పంచమాన్ని చేసుకుంటే శుద్ధసావేరి, ధైవతాన్ని చేసుకుంటే శుద్ధధన్యాసి వస్తాయి. కార్డుల్లో జరిగేదీ ఇదే. 2–2–3–3 అనే షేప్ పట్టుకోండి. అందులో ఇ, ఎ, డి, జి స్వరాలున్నాయి. సి షడ్జమైతే ఇవి అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, చతుశ్రుతి రిషభం, పంచమం. అంటే షడ్జం తప్ప మోహనం మొత్తం. కింద సి మోగితే దీన్ని సి సిక్స్ నైన్ అంటారు. కింద ఎ మోగితే ఎ సెవెన్ సస్ ఫోర్ (గాంధారం బదులు మధ్యమం ఉండే సెవెన్త్ కార్డు) అవుతుంది, ఇ మోగితే ఇ మైనర్ లెవెన్ రంగు వస్తుంది. సి శ్రుతిలో మోహనం ఆధారంగా నడిచే పాటకు గిటారు సహకారం ఇవ్వవలసి వచ్చినప్పుడు సి మేజర్ బదులు ఈ షేప్ పెట్టి చూడండి, రాగానికి పరాయి స్వరం ఒక్కటి కూడా తగలదు.

ఇప్పుడు మన పనిలో అతి ముఖ్యమైన షేప్: 2–3–3–3. చూపుడువేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద, ఉంగరపు వేలు మూడు సన్నని తీగల మీద అడ్డంగా మూడో ఫ్రెట్ దగ్గర ఉంటాయి. ఇందులోని స్వరాలు ఇ, బి ఫ్లాట్, డి, జి. దీన్ని అర్థం చేసుకోవడానికి బేస్ వాయించే మనిషి దొరకకపోతే ఫోన్‌లో శ్రుతిపెట్టె యాప్ చాలు. పంచమాన్ని పూర్తిగా ఆపేసి షడ్జం మాత్రమే మోగనివ్వండి. పంచమం ఉంటే కొన్ని కార్డులతో అది ఢీకొంటుంది.

శ్రుతిని ఒకటికి, అంటే సి కి, పెట్టి ఈ షేప్‌ను మోగించండి. సి మీద ఇవి అంతర గాంధారం, కైశికి నిషాదం, చతుశ్రుతి రిషభం, పంచమం. ఇది సి నైన్, హరికాంభోజి స్వరాలతో ఏర్పడిన కార్డు. చెయ్యి కదపకుండా శ్రుతిని అయిదుకు, అంటే జి కి, మార్చండి. అవే స్వరాలు ఇప్పుడు చతుశ్రుతి ధైవతం, సాధారణ గాంధారం, పంచమం, షడ్జం అయ్యాయి. ఇది జి మైనర్ సిక్స్, ఖరహరప్రియ ఛాయ. శ్రుతిని మూడుకు, అంటే ఇ కి, తెస్తే షడ్జం, ప్రతి మధ్యమం, కైశికి నిషాదం, సాధారణ గాంధారం. ఇది ఇ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్. చివరగా నాలుగున్నర శ్రుతికి, అంటే ఎఫ్ షార్ప్‌కు, మార్చండి. కైశికి నిషాదం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, శుద్ధ రిషభం వినిపిస్తాయి. కాగితం మీద చూసి భయపడే ఎఫ్ షార్ప్ సెవెన్ ఫ్లాట్ నైన్ ఫ్లాట్ థర్టీన్ ఇదే, ఈ నాలుగు స్వరాలూ వకుళాభరణంలో ఉన్నవే. మొదటిసారి ఆ స్వరాలు వేళ్ల కింద కొంచెం కరకరలాడినట్టు అనిపిస్తాయి. శ్రుతిని నిలకడగా మోగనిచ్చి కాసేపు వింటే వాటి అందం చెవికి ఎక్కుతుంది.

ఈ అభ్యాసాన్ని తొందర లేకుండా చేయండి. ప్రతి శ్రుతి మీదా నాలుగు తీగలను ఒక్కొక్కటిగా మీటి, స్వరం పేరు పైకి పలకండి. షేప్ పేరు కంటే, ఏ తీగ మీద ఏ స్వరం ఉందో గుర్తుపెట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే కొత్త శ్రుతిలో షేప్‌ను ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. 2–3–3–3 షేప్ నైన్త్ కార్డుగా పనిచేసేటప్పుడు నాలుగో తీగ దాని గాంధారం. మైనర్ సిక్స్‌గా పనిచేసేటప్పుడు మొదటి తీగ దాని షడ్జం. మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్‌గా ఉన్నప్పుడు నాలుగో తీగే షడ్జం. శుద్ధ రిషభ, ధైవతాల సెవెన్త్ కార్డుగా ఉన్నప్పుడు నాలుగో తీగ నిషాదం, మూడో తీగ గాంధారం. ఈ నాలుగు వాక్యాలు నోటికి వస్తే నలభై ఎనిమిది కార్డులు చేతిలో ఉన్నట్టే.

దీని ప్రయోజనం మైనర్ శ్రుతిలో మరింత బాగా తెలుస్తుంది. డి మైనర్‌లో ముగిసే వరుసను తీసుకోండి: ఇ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్, ఎ సెవెన్ ఫ్లాట్ నైన్ ఫ్లాట్ థర్టీన్, డి మైనర్ సిక్స్. మొదటిది 2–3–3–3. అదే షేప్‌ను మూడు ఫ్రెట్లు పైకి జరిపితే 5–6–6–6, ఇది ఎ సెవెన్. మరో నాలుగు ఫ్రెట్లు జరిపితే 9–10–10–10, ఇది డి మైనర్ సిక్స్. మూడు కార్డులు, ఒకే షేప్, ముందు మూడు ఫ్రెట్లు, తరువాత నాలుగు. ఏ మైనర్ శ్రుతిలోనైనా లెక్క ఇదే. కింద ఇ, ఎ, డి వరుసగా మోగుతుంటే షేప్ మెట్లెక్కినట్టు పైకి పోవడం వినేవారికి కూడా హాయిగా ఉంటుంది.

మేజర్ వరుసకు మరో రెండు షేపులు

రెండో షేప్ 3–5–5–5. వేళ్లు మొదటి షేప్ 2–3–3–3లోవే. చూపుడువేలికీ ఉంగరపు వేలికీ మధ్య దూరం మాత్రం ఒక ఫ్రెట్ పెరిగింది. స్వరాలు ఎఫ్, సి, ఇ, ఎ. ఎఫ్ మీద ఇది ఎఫ్ మేజర్ సెవెన్. డి మీద సాధారణ గాంధారం, కైశికి నిషాదం, రిషభం, పంచమం అయ్యి డి మైనర్ నైన్ అవుతుంది. జి మీద జి థర్టీన్ సస్, బి ఫ్లాట్ మీద ప్రతి మధ్యమంతో కల్యాణి ఛాయ ఉన్న మేజర్ కార్డు.

మూడో షేప్ 2–4–3–3. చూపుడువేలు నాలుగో తీగ మీద, చిటికెనవేలు మూడో తీగ మీద, మధ్యవేలు రెండో తీగ మీద, ఉంగరపు వేలు మొదటి తీగ మీద. స్వరాలు ఇ, బి, డి, జి. ఇ మీద ఇ మైనర్ సెవెన్, జి మీద జి సిక్స్, సి మీద సి మేజర్ నైన్, ఎ మీద ఎ నైన్ సస్.

ఇప్పుడు డి మైనర్, జి సెవెన్, సి మేజర్ వరుసను కొత్త రంగులతో వాయించండి. డి మైనర్ నైన్‌కు 3–5–5–5. జి సెవెన్‌కు మొదటి షేప్‌ను 3–4–4–4 దగ్గర పెట్టండి. జి మీద అది నిషాదం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, శుద్ధ రిషభం. సి మేజర్ నైన్‌కు 2–4–3–3. నాలుగో తీగ మీద ఎఫ్, ఎఫ్, ఇ. మూడో తీగ మీద సి, బి, బి. రెండో తీగ మీద ఇ, ఇ ఫ్లాట్, డి. మొదటి తీగ మీద ఎ, ఎ ఫ్లాట్, జి. ఏ స్వరమూ ఒక ఫ్రెట్‌కు మించి కదలదు, ఏదీ పైకి పోదు. పియానోపై ఎడమచేతితో రూట్ లేని కార్డులు పట్టే పద్ధతిని 1950ల చివరి నుంచి బిల్ ఎవాన్స్ వంటివారు స్థిరపరచింది ఇలాంటి దగ్గరి కదలిక కోసమే.

ఈ వరుస ఇక్కడితో ఆగదు. 2–4–3–3 దగ్గర ఉన్నప్పుడు నాలుగో తీగనూ మూడో తీగనూ ఒక్కో ఫ్రెట్ దించితే 1–3–3–3 వస్తుంది. అది రెండో షేపే. కింద సి మోగుతూనే ఉంటే సి మైనర్ నైన్ అవుతుంది. అక్కడి నుంచి 1–2–2–2, తరువాత 0–2–1–1, అంటే బి ఫ్లాట్ మేజర్. ఈ విధంగా ప్రతిసారీ శ్రుతి రెండు ఫ్రెట్లు దిగుతుంది. 11–13–13–13 దగ్గర మొదలుపెడితే ఎ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, ఇ, డి, సి, బి ఫ్లాట్ అనే ఆరు శ్రుతులు ఆపకుండా వాయించవచ్చు. మిగతా ఆరింటికి 12–14–14–14 దగ్గర మొదలుపెట్టండి: ఎ, జి, ఎఫ్, ఇ ఫ్లాట్, డి ఫ్లాట్, బి. వరుస మొదట్లో నాలుగో తీగ మీద ఉండే స్వరం ఎప్పుడూ ఆ శ్రుతికి శుద్ధ మధ్యమమే. పై ఫ్రెట్లు అందని అకౌస్టిక్ గిటారు అయితే 9 దగ్గరో 10 దగ్గరో మొదలుపెట్టి, మిగిలిన శ్రుతులను విడిగా సాధన చేయండి. రోజూ ఈ రెండు మాలికలనూ మెట్రోనోమ్ 60 మీద, కార్డుకు నాలుగు దెబ్బల చొప్పున వాయిస్తే, కొద్ది కాలానికే చెయ్యి లెక్క అడగడం మానేస్తుంది.

థర్టీన్త్ షేప్

రెండో షేప్‌లో మూడో తీగ స్వరాన్ని ఒక్కదాన్నే ఒక ఫ్రెట్ దించండి: 3–5–5–5 కాస్తా 3–4–5–5 అవుతుంది. స్వరాలు ఎఫ్, బి, ఇ, ఎ. జి మీద ఇది నిషాదం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, చతుశ్రుతి రిషభం. అంటే జి థర్టీన్. కాబట్టి సి లో ముగిసే వరుసలో జి సెవెన్‌కు మీ దగ్గర ఇప్పుడు రెండు రంగులున్నాయి: వెలుగు కావాలంటే 3–4–5–5, ఉత్కంఠ కావాలంటే 3–4–4–4. కింద డి ఉంటే ఇదే షేప్ డి మైనర్ సిక్స్ నైన్ అవుతుంది. ఎఫ్ ఉంటే ప్రతి మధ్యమంతో కూడిన ఎఫ్ మేజర్ సెవెన్.

ముందు చెప్పిన ఆరు ఫ్రెట్ల సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. కింద డి ఫ్లాట్ మోగితే ఇదే 3–4–5–5లో రెండు గాంధారాలూ కలిసి వినిపిస్తాయి: అంతర గాంధారం నాలుగో తీగ మీద, దానికి దాదాపు ఒక స్థాయి పైన సాధారణ గాంధారం రెండో తీగ మీద. కాగితం మీద దీన్ని సెవెన్ షార్ప్ నైన్ ఫ్లాట్ థర్టీన్ అని రాస్తారు. పేరు పెద్దదే గాని, మీ వేళ్లకు ఇది తెలిసినదే.

చెయ్యి ఎప్పుడు ఆపాలి

షేపులు చేతికి వచ్చినవారు వాటన్నిటినీ ఒకే పాటలో కూర్చాలని ఉబలాటపడతారు. అది పాటకు మేలు చేయదు. మూడు స్వరాల షేపులతో ప్రతి దెబ్బకూ వాయించవచ్చు, కాని సన్నని తీగల మీది నాలుగు స్వరాల షేపులు మితంగా పడితేనే శోభిస్తాయి. బార్‌కు ఒకటి రెండు దెబ్బలు చాలు, మిగతా చోటు గాయకుడిదీ వాద్యకారులదీ. స్వింగ్ నడక కోసం ప్రతి దెబ్బనూ తిశ్ర గతిలో తకిటగా భావించి మొదటి, మూడో అక్షరాలను మాత్రమే మీటడం అలవాటు చేసుకోండి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండింటి మధ్య ఎడం సమానానికి దగ్గరవుతుంది కనుక దాన్ని బిగించి పట్టుకోకూడదు.

కీబోర్డు వాయించేవారు పక్కన ఉంటే ముందే మాట్లాడుకోండి. ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు కుడిచేయి చాలావరకు మన నాలుగు తీగల స్థాయిలోనే తిరుగుతుంది. ఒకరు శుద్ధ రిషభం పెడుతుండగా మరొకరు చతుశ్రుతి రిషభం పెడితే రెండూ పాడవుతాయి. అలాంటప్పుడు గిటారు తిరిగి మూడు స్వరాల షేపులకు వెళ్లడం మర్యాద, బుద్ధిమంతమైన పని కూడా. చర్చిలో సంఘమంతా కలిసి పాడే కీర్తనలకు ఈ పై రంగులు వాడవద్దని నా సలహా. శిక్షణ లేని గొంతులు గిటారులోని సాదా త్రిస్వర కార్డులను పట్టుకొని శ్రుతి నిలుపుకుంటాయి. వాటి కింద శుద్ధ ధైవతమో ప్రతి మధ్యమమో తగిలితే పాట చెదురుతుంది. అదే కీర్తనను ఒక్కరే పాడుతున్నప్పుడు, పల్లవికి ముందు వచ్చే ఒక్క సెవెన్త్ కార్డు దగ్గర ఈ రంగును పెట్టి చూడండి.

గాయకుడు పట్టి నిలిపే స్వరాన్ని కూడా గమనించాలి. మీ షేప్‌లోని ఏ స్వరమైనా ఆయన స్వరానికి ఒక్క ఫ్రెట్ దూరంలో ఉంటే చెవికి గుచ్చుకుంటుంది. సి శ్రుతిలో పాట షడ్జం మీద ముగుస్తూ గాయకుడు ఆ సి ని దీర్ఘంగా నిలిపినప్పుడు 2–4–3–3 వాయిస్తే మూడో తీగ మీది బి, అంటే కాకలి నిషాదం, ఆ షడ్జంతో రాపిడి పడుతుంది. అక్కడ మూడో తీగను రెండు ఫ్రెట్లు దించి 2–2–3–3 పెట్టండి. కాకలి నిషాదం బదులు చతుశ్రుతి ధైవతం వస్తుంది, గాయకుడి షడ్జానికి అడ్డు తొలగిపోతుంది. పాట పంచమం మీదో గాంధారం మీదో ముగిస్తే 2–4–3–3ను నిస్సంకోచంగా ఉంచుకోవచ్చు.